నైరుతి మూలన నీళ్ళదారి

వాన మొదలైతే మామూలు మనిషి ఇంట్లోకి పరుగెత్తుతాడు. ఈ పనిలో ఉన్నవాడు బయటికి పరుగెత్తాలి. ఉన్న ఇంటికి ఒక గదో, వరండానో కలపడానికి ప్లాన్లు గీసే వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే. పని మానేసి ఇన్నేళ్ళయినా, ఆకాశం నల్లబడితే నా చూపు ఇప్పటికీ గుమ్మం దగ్గరి చెప్పుల మీదికే పోతుంది.

నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ణే అయినా మొదట కొన్నేళ్ళు ఒక దినపత్రికలో విలేకరిగా పనిచేశాను. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒక్కటే: ఎవరు చెప్పినా నమ్మకు, వెళ్ళి చూడు, తర్వాత ఇంకొకణ్ణి అడుగు. నీళ్ళ విషయంలో అంతకంటే పెద్ద చదువు లేదని తర్వాత తెలిసింది.

చిన్న గదే కదా

తొంభైల చివర మదీనాగూడలో, బొంబాయి హైవే పక్కన, ఒక జిరాక్స్ షాపు పైన మా ఆఫీసు ఉండేది. అటు మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్నారు. పొద్దున లేస్తే డైనమైట్ చప్పుడు, మధ్యాహ్నానికి కిటికీల మీద తెల్లటి దుమ్ము. ఉద్యోగాలకు వచ్చిన కుర్రాళ్ళందరికీ గదులు కావాలి. ఇల్లు ఉన్న ప్రతివాడూ ఒక గది కలపాలనుకున్నాడు. పగలంతా మా మెట్ల మీద జనం. ఎవరు వచ్చినా మొదటి మాట ఒకటే: "చిన్న గదే కదా సార్, ఓ గీత గీసిచ్చేయండి."

చిన్న గదే. అయితే దాన్ని ఎక్కడ కడతారో చూడండి. ఇల్లు కట్టిన రోజు పక్కన, వెనక కాస్త ఖాళీ వదిలారు. అప్పటినుంచీ వాన నీళ్ళు ఆ ఖాళీలోంచే నడుస్తున్నాయి. ఇల్లు పెంచాలనుకున్నవాడికి మిగిలిన చోటు అదొక్కటే. అందుకే కొత్త ఇల్లు నీళ్ళకు అడ్డం పడకపోవచ్చుగానీ, పాత ఇంటికి కలిపిన చిన్న గది దాదాపు ఎప్పుడూ అడ్డం పడుతుంది. ఈ ముక్క తలకెక్కితే సగం పని వచ్చినట్టే.

ఈ ముక్క నాకు చెప్పినది మా ఆఫీసు నడిపే పెద్దాయన, వెంకటరత్నం గారు. కృష్ణా జిల్లాలో కాలవల మీద పనిచేసి రిటైరై వచ్చారు. స్థలం చూడ్డానికి వెళితే ఇంటివైపు చూసేవారు కాదు. ఇంటికి వీపు పెట్టి నిలబడి, వీధి వెంట ఎగువకు నడవడం మొదలుపెట్టేవారు. ఇల్లుగలాయన వెనకాలే వచ్చి, "ఇల్లు ఇటండీ," అనేవాడు. "ఇల్లు ఎక్కడికీ పోదు లెండి. వచ్చేవాళ్ళ సంగతి చూడాలి," అనేవారాయన.

ఆయన దగ్గర నేర్చుకున్నవి ఇంకొన్ని. స్థలాన్ని ఎండాకాలంలో చూసి సంతకం పెట్టకండి. ముళ్ళకంచెకు చిక్కిన పాలిథిన్ కాగితాలు నేలకు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి, కిందటి వరద అంత ఎత్తున వచ్చిందన్నమాట. వరద గుమ్మంలోంచే వస్తుందనుకోకండి, బాత్‌రూమ్ జాలీలోంచి పైకి తన్నుకొస్తుంది. సంపు మూత నేలకు సమానంగా ఉంటే వీధిలోని మురుగు తాగే నీళ్ళలో కలుస్తుంది, ఇంటివాళ్ళకు తెలిసేలోపు అందరూ తాగేసి ఉంటారు. నడుము కిందికి స్విచ్చి బోర్డు పెట్టనివ్వకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఇల్లుగలవాణ్ణి అడగకండి. తన ఇంట్లోకి నీళ్ళొస్తాయని ఎవడూ చెప్పడు, చెబితే ఇంటి విలువ పడిపోతుంది. కిరాయికి ఉన్నవాణ్ణి అడగండి. వాడు కడుపు మండి ఉంటాడు, అన్నీ చెబుతాడు. కాస్త ఎక్కువే చెబుతాడు. అందుకని గోడను కూడా అడగండి.

బోరబండలో ఒకాయన వీధిలోకి రెండు మెట్లు కలుపుతానని వచ్చాడు. మెట్లకు వరదేమిటని నేను నవ్వాను. అక్కడ వీధి ఏటవాలు. వానలో నీళ్ళు పరుగెత్తి వచ్చి ఆ మెట్లకు కొట్టుకుని, పక్కకు తిరిగి ఎదురింటి కుట్టుమిషన్ కిందికి పోయాయి. ఎదురింటావిడ మమ్మల్ని తిట్టిన తిట్లు పత్రికలో వేయదగ్గవి కావు. మర్నాడే మెట్లు లోపలికి జరిపించాం.

ఓబులేసు, ఆయన కూతురు

నేను మళ్ళీ మళ్ళీ గుర్తు తెచ్చుకునే పని మాత్రం ఓబులేసుది. కడప జిల్లా మనిషి. హైవే మీద సిమెంటు, ఇనుము దుకాణం పెట్టి, కాస్త నిలదొక్కుకుని మదీనాగూడలో పాత ఇల్లొకటి కొన్నాడు. కొన్నది ఎండాకాలంలో.

"వెనక పెరట్లో ఒక గది సార్. నైరుతి మూలకు, ఈ గోడ నుంచి ఆ గోడకు," అన్నాడు.

"నీళ్ళు వస్తాయా ఇక్కడికి?" అని అడిగారు పెద్దాయన.

ఓబులేసు పడీపడీ నవ్వాడు. "నీళ్ళా! సార్, మేం పుట్టినకాడ నీళ్ళకోసం కోసెడు దూరం నడిచేవాళ్ళం. నీళ్ళే వస్తే కొబ్బరికాయ కొట్టి పిలుచుకుంటా."

గది ఎవరికని అడిగితే లోపలినుంచి సమాధానం వచ్చింది. "నాకు సార్." చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒక అమ్మాయి గుమ్మం దాకా వచ్చి ఆగింది. గుమ్మం ముందు మెట్లు. ఆమె పేరు శైలజ. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. డిగ్రీ చదివింది, ఇంగ్లీషు టైపు వేగంగా కొడుతుంది. విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి టేపులో చెప్పిన మాటలను విని టైపు చేసే పని అప్పుడే మన ఊళ్ళోకి వచ్చింది. ఒక కంపెనీ ఆమెకు ఇంట్లోనే కంప్యూటర్ పెట్టి పని ఇస్తామంది. షరతు ఒకటి: గది తడి లేకుండా, విడిగా ఉండాలి. వానాకాలం అయ్యేలోపు వచ్చి చూస్తారు.

"నాకు ఇంకో షరతు ఉండాది సార్," అంది శైలజ. "ఈ మెట్లు చూడండి. బయటికి పోవాలంటే నాయన దుకాణం నుంచి వచ్చి ఎత్తుకోవాల. లోపలికి రావాలంటే మళ్ళీ ఎత్తుకోవాల. నేనేమన్నా సిమెంటు మూటనా? నా గదికి మాత్రం మెట్లు వద్దు. నేలకు సమానంగా కట్టండి."

పెద్దాయన ముఖం చూశాను. నేలకు సమానంగా కడితే మునుగుతుంది, ఎత్తుగా కడితే ఆ అమ్మాయి మళ్ళీ బందీ. ఆయన వీధిలోకి నడిచారు. ఈ వృత్తిలో ఇంతకంటే మంచి చిక్కు మళ్ళీ దొరకదని అప్పుడే అనిపించింది.

లోపలికి తెరిచిన కంత

ఆ కాలనీకి ఈశాన్యాన, ఎగువన, ఒక చెరువు. అక్కడినుంచి నేల నైరుతివైపు వాలుతుంది. చెరువు నిండితే పొర్లిన నీళ్ళు వీధి పట్టుకుని ఆ వాలునే వస్తాయి. ఇది నేల లెక్క.

వాస్తు లెక్క తలకిందులు. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. ఈశాన్యం పల్లంగా ఉండాలి, ఇంటి నీళ్ళు ఆ మూలనుంచే బయటికి పోవాలి. అందుకని ఆ కాలనీలో ప్రతి ఇంటివాడూ నైరుతి మూలన మట్టి పోసి, గోడ బిగించి, ఈశాన్యం మూలన ప్రహరీ అడుగున నీళ్ళు పోవడానికి ఒక కంత పెట్టాడు. ఒక్కసారి మనసులో బొమ్మ గీసుకోండి. వరద వచ్చేదే ఈశాన్యం నుంచి. బయటికి పంపడానికి పెట్టిన కంతలోంచే నీళ్ళు లోపలికి వస్తాయి. వచ్చినవి పోవలసిన మూల మూసి ఉంటుంది. ఇల్లు తొట్టి అవుతుంది. ఒక ఇల్లు కాదు, వరసంతా తొట్లే.

ఓబులేసు ఇంటి వెనక ఒక సన్నని సందు, సందుకు అవతల మల్లేశం కిరాయికి ఉండేవాడు. చాలా ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు, సందులో రేకులు వేసి స్కూటర్ పెట్టుకునేవాడు.

"నీళ్ళా? ఏందన్నా గట్ల అడుగుతున్నవ్," అన్నాడు నాతో. "ఇంతకుముందున్నోళ్ళ కాలంల ఒక్క వాన పడ్డది. ఈ ఇంట్ల నీళ్ళన్ని నిలిచినయ్, గోడ మొత్తం పోయి నా స్కూటర్ మీద పడ్డది. నడుము దాక నీళ్ళు సార్, నడుము దాక!"

పెద్దాయన సందులోకి వంగి గోడ చూశారు. ఓబులేసు వైపు కొత్తగా సున్నం వేశారు కానీ, మల్లేశం వైపు పాత గోడ మిగిలిన చోట మట్టి రంగు గీత ఒకటి స్పష్టంగా ఉంది. మోకాలి ఎత్తున.

"నడుమన్నావు?" అన్నారు పెద్దాయన.

"కూసుంటే నడుమే గద సార్," అన్నాడు మల్లేశం.

గీత చూపించినా ఓబులేసు నమ్మలేదు. "నైరుతి ఎత్తు చేసినా సార్. ట్రాక్టర్లతో మట్టి పోయించినా. కండ్లతో చూడండి, పెరడు ఎంత ఎత్తుండాదో." నిజమే, కొత్తగా మట్టి పోసిన చోటు ఎప్పుడూ ఎత్తుగానే కనిపిస్తుంది. అందుకే మేస్త్రీలు కంటిని నమ్మకుండా నీళ్ళు నింపిన సన్నటి గొట్టం వాడతారు. లెవెల్ పైపు అంటారు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి, ఎవరి మాటా వినవు.

పైపు ఒక కొస ఈశాన్యాన వీధి మీద నేను పట్టుకున్నాను. రెండో కొస పెరట్లో ఓబులేసు చేతికే ఇచ్చారు పెద్దాయన. వీధి మట్టం నా పాదం దగ్గర ఉంది. అదే మట్టం ఓబులేసు దగ్గర, ఆయన పోసిన మట్టి మీద నిలబడ్డా, మోకాలి దగ్గర ఉంది.

ఓబులేసు పైపును వేలితో తట్టాడు. "దీంట్లో గాలి ఉండాది సార్."

గాలి తీసి మళ్ళీ పట్టాం. మోకాలే. "మీ వాడు ఆ పక్క కొస కిందికి దించినట్టుండాడు." చోట్లు మార్చుకుని మళ్ళీ పట్టాం. మోకాలే.

వరండాలోంచి శైలజ అంది: "నాయనా, ఈశాన్యం కంతలోనించి లక్ష్మీదేవి వస్తాదనుకుంటివి. వచ్చేది చెరువు."

ఓబులేసు గీసిన గీత

పెద్దాయన ఆ సాయంత్రం ఆఫీసులో గీసిన బొమ్మ నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. గది నేలమీద ఉండదు. పొట్టి స్తంభాల మీద, మట్టి గీతకంటే పైన నిలబడుతుంది. అడుగంతా ఖాళీ, నీళ్ళు కిందనుంచి పోతాయి. గేటు దగ్గర మొదలై ఇంటి ఉత్తరపు పక్కన పొడుగునా ఒక వాలుబాట, అదీ స్తంభాల మీదే, పెరట్లో గది గుమ్మానికి చేరుతుంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు, అప్పుడే చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కగలదు. అంత పొడవు ఎక్కడిదని భయపడ్డానుగానీ, ఇంటి పక్క ఖాళీ సరిగ్గా సరిపోయింది. ఎత్తు కావాలి, మెట్లు వద్దు. రెండూ దొరికాయి. నేను బల్ల మీద గట్టిగా చరిచాను. "మెల్లగానయ్యా విలేకరీ, ఇంకు చిందుతుంది," అన్నారాయన.

మర్నాడు ఆ బొమ్మ పట్టుకుని ఓబులేసు ఇంటికి వెళ్ళి, మల్లేశాన్ని కూడా పిలిపించాం. ఈశాన్యంలో మొదలై పడమరకు ఎక్కే బాట అనేసరికి ఓబులేసుకు తెగ నచ్చింది. ఈశాన్యం కంత మూస్తానని కూడా ఒప్పుకున్నాడు. చిక్కంతా చివర వచ్చింది. గది కిందికి చేరిన నీళ్ళు సందులోకి పోవాలంటే నైరుతి మూలన గోడకు కంత పెట్టాలి.

"నైరుతిలో కంతా!" ఓబులేసు లేచి నిలబడ్డాడు. "ఇల్లు గుల్లయిపోతాది సార్. నా బిడ్డ గదికింద ఆ పని నేను చెయ్యను."

మల్లేశం కూడా లేచాడు. "మీ నీళ్ళు నా సందుల పోస్తరా? మంచిగున్నది ముచ్చట."

మల్లేశానికి చెప్పడం తేలికే అయింది. గోడ కూలి ఒక్కసారి మీద పడటంకంటే, కంతకు బిగించిన జాలీలోంచి మెల్లగా వచ్చి సందు వెంట నాలాలోకి పోవడం మేలని అతనికి స్కూటరే చెప్పింది. కానీ రేకుల షెడ్డు తీయాలి. "అయితే నా బండికి ఓబులేసన్న ముంగట జాగ ఇయ్యాలె. గేటు తాళంచెవి గూడ నాకొకటి," అన్నాడు.

ఓబులేసుతో పెద్దాయన వాదించలేదు. సుద్దముక్క ఇచ్చారు. "నైరుతి ఎంతవరకో మీరే గీత గీయండి. ఆ గీత ఇవతల, పడమర గోడకు కంత పెడతాను. నీళ్ళు కొన్ని మూలలో మిగులుతాయి, అది మీ ఇష్టం."

ఓబులేసు మూలనుంచి జానా జానా కొలుచుకుంటూ వచ్చాడు. ఒకచోట గీయబోయి, ఆగి, ఇంకాస్త జరిగాడు. "చాలు నాయనా," అంది శైలజ, "ఇంకా జరిగితే వాయవ్యం వచ్చేస్తాది." గీత పడింది. మీకు నా అభిప్రాయం అడిగితే, ఆ రోజు పెద్దాయన చేసింది లొంగిపోవడం కాదు. నమ్మకంతో తలపడితే గది లేవదు. కాస్త చోటిస్తే లేస్తుంది, మిగిలిన సంగతి వాన చూసుకుంటుంది.

చెప్పు కదిలింది

గది లేచింది. కంప్యూటర్ వచ్చింది. కంపెనీ వాళ్ళు ఇంకా రాలేదు. శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా తెగిపడింది. నేను గొడుగు తీసుకుని మెట్లు దూకాను. హైవే దాటేసరికి గొడుగు విరిగింది, పారేశాను.

నేను చేరేసరికి ఇంట్లో శైలజ ఒక్కతే ఉంది. తల్లి బంధువుల ఇంటికి వెళ్ళింది, తండ్రి దుకాణంలో ఉన్నాడు. నీళ్ళు వీధినిండా వచ్చి లోపలికి దూరుతున్నాయి. గేటు కిందనుంచే కాదు, ఈశాన్యం కంతలోంచి కూడా. మూస్తానన్న కంత మూయలేదు. శైలజ వాలుబాట పైకొసన కూర్చుని పెరట్లోకి చూస్తోంది.

"సార్, ఆ చెప్పు చూడండి," అంది. గది అంచున ఒక హవాయి చెప్పు తేలుతోంది. "అది కదలడంలేదు. నీళ్ళు వస్తాండాయి గానీ పోవడంలేదు."

ఎంత బాగా చూసిందో! నేను నీళ్ళలోకి దిగాను. అప్పటికే మోకాలు దాటాయి, గది నేలకు ఇంకా కొద్దిగానే ఉంది. శైలజ గోడ అవతలికి గొంతెత్తి అరిచింది. "మల్లేశన్నా! కంత చూడన్నా!"

సందులోంచి మల్లేశం గొంతు. "అరే, గీ ఇటుకలు ఎవరు పెట్టిన్రు ఈడ? జాలీ మొత్తం కప్పేసిన్రు!"

"ఇంకెవరు, మా నాయనే! తీసెయ్!"

ఇటుకలు సిమెంటు లేకుండా పేర్చినవి. మల్లేశం ఒక్కొక్కటే లాగాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత చెప్పు ఒకసారి గిర్రున తిరిగింది. మెల్లగా గది కిందికి పోయింది. ఆ తర్వాత పెరడంతా బయల్దేరింది. నీళ్ళు స్తంభాల మధ్యనుంచి శబ్దం చేసుకుంటూ, ఆకులతో, కాగితాలతో జాలీవైపు పరుగు తీశాయి. మేమిద్దరం ఇటు, మల్లేశం అటు, ముగ్గురం చిన్నపిల్లల్లా అరిచాం. గది నేల తడవలేదు.

ఓబులేసు వచ్చేసరికి వాన వెలిసింది. తడిసి ముద్దయి ఉన్నాడు. సందులో గుట్టగా పడి ఉన్న ఇటుకల సంగతి మల్లేశం గోడ మీదుగా చెప్పాడు. ఎవరో బంధువు పడమర కంత కూడా మంచిది కాదన్నాడట, అందుకని అడ్డం పెట్టానన్నాడు ఓబులేసు. ఆయన గదికింద వంగి చూశాడు. పెరడంతా ఖాళీ అయింది. ఆయన సుద్దతో గీసిన గీతకూ మూలకూ మధ్య మాత్రం మురికి నీళ్ళు నిలిచి ఉన్నాయి. సరిగ్గా నైరుతి మూలన.

తర్వాత లోపలికి వెళ్ళి గడ్డపార తెచ్చాడు. "గీత తప్పు గీసినా సార్," అన్నాడు. వంగి, నైరుతి మూలన గోడ అడుగున తనే పొడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఒక ఇటుక అవతలికి రాలింది. నిలిచిన నీళ్ళు గుడగుడమని కదిలాయి.

గోడ అవతలనుంచి గట్టిగా ఒక కేక. "వచ్చినాయి నాయనా! ఈ పక్కకు వచ్చినాయి!"

ఓబులేసు చేతిలో గడ్డపార ఆగిపోయింది. వెనక్కి తిరిగి గదివైపు చూశాడు. వాలుబాట మీద బురదలో రెండు చక్రాల జాడలు, గేటు దాకా.

"నువ్వు ఆడికెట్ల పోతివి?" అన్నాడు కంతవైపు వంగి.

"నేనేం కుర్చి నూకలే అన్నా," అన్నాడు అవతలనుంచి మల్లేశం. "గామెనే వచ్చింది."

"కంత ఇంకొంచెం పెద్దది చెయ్ నాయనా," అంది శైలజ. "నువ్వు నాకు కనపడడంలేదు."